తుండుగుడ్డ కింద బేరం

కుందారపల్లిలో శుక్రవారం సంత. కృష్ణగిరి నుంచి హోసూరు పోయే హైవే పక్కన, తెల్లవారకముందే మేకలూ గొర్రెలూ దిగుతాయి. బేరాలు తెలుగులో మొదలై తమిళంలో పెరిగి కన్నడంలో తెగినా ఎవరూ వింతగా చూడరు. ఈ వైపు పశువుల సంతల్లో ఒక పాత పద్ధతి ఉండేది, అక్కడక్కడా ఇంకా ఉంది. కొనేవాడూ దళారీ చేతులు కలుపుతారు, పైన తుండుగుడ్డ కప్పుతారు. ఇక నోళ్లు మూతపడి వేళ్లు మాట్లాడతాయి. ఒక వేలు పట్టుకుంటే ఇంత, రెండు పట్టుకుంటే అంత. చుట్టూ పదిమంది నిలబడినా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. బేరం కుదిరితే చెయ్యి వదిలేస్తారు, కుదరకపోయినా వదిలేస్తారు.

మన ఒంట్లో కణాలు కబురు చెప్పుకునే తీరు కూడా ఇదే. తాకి చెబుతాయి, చెప్పాక వదిలేస్తాయి. చెప్పడం కంటే వదలడమే ముఖ్యమని శాస్త్రవేత్తలకి తెలియడానికి చాలా కాలం పట్టింది. వదలని చెయ్యి ఒక రక్త కేన్సర్‌ ఎలా అవుతుందో, ఆ చేతిని ఆపి ఉంచే మాత్ర ఎలా తయారైందో, అది బీదవాళ్లకి ఎలా అందిందో ఈ అధ్యాయంలో చూద్దాం. కథకి మొదట్లో ఒక తెలుగాయన, చివర్లో మరో తెలుగాయన వస్తారు. మధ్యలో ఉన్నది మాత్రం ప్రపంచమంతా.

ముందు ఆరోగ్యంగా ఉన్న మజ్జలో ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. గాయమై రక్తం పోయిందనుకోండి. కిడ్నీలకి అందే ఆక్సిజన్ తగ్గుతుంది. వెంటనే కిడ్నీ ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోన్‌ని రక్తంలోకి వదులుతుంది. ఎముక మజ్జలో ఎర్రకణాలు కాబోయే లేత కణాలు ఉంటాయి. వాటి పైపొరలో ఈ హార్మోన్ కోసమే గ్రాహకాలు ఉంటాయి. హార్మోన్ వచ్చి గ్రాహకం మీద కూర్చుంటే చాలు, కబురు చెప్పడానికి కణం లోపలికి పోనక్కర్లేదు. అది తగిలిన ఒత్తిడికి, పొరకి అవతల, కణం లోపల ఉన్న గ్రాహకం తోకలు రెండూ దగ్గరికి జరుగుతాయి. ఆ తోకల్ని అంటిపెట్టుకుని జాక్-2 అనే ఎంజైములు ఉంటాయి. ఎదురుబొదురైన జాక్‌లు ఒకదానికొకటి ఫాస్ఫేటు అంటించుకుంటాయి. తర్వాత తోకకి అంటిస్తాయి, ఆ తర్వాత తోక దగ్గరికి చేరిన స్టాట్ అనే ప్రోటీన్‌కి అంటిస్తాయి. ఫాస్ఫేటు అంటిన స్టాట్‌లు జతకట్టి కేంద్రకంలోకి వెళ్లి డీఎన్ఏ మీద వాలతాయి. కణాన్ని బతికించే జన్యువులూ, విభజన చేయించే జన్యువులూ అప్పుడు పని మొదలెడతాయి. కొన్నాళ్లకి రక్తం నిండుతుంది. కిడ్నీ హార్మోన్ తగ్గిస్తుంది, ఫాస్ఫేట్లు ఊడిపోతాయి, మజ్జ మామూలు జోరుకి వస్తుంది.

ఇంత కథ నడిపిన ఫాస్ఫేటు ఏమంత అపురూపమైన వస్తువు కాదు. ఒక భాస్వరం పరమాణువు, దాని చుట్టూ నాలుగు ఆక్సిజన్లు. పొలానికి వేసే సూపర్‌ఫాస్ఫేటులో ఉన్నదీ, మన ఎముకలో ఉన్నదీ అదే. కానీ దాని మీద రుణ విద్యుదావేశం గట్టిగా ఉంటుంది. ప్రోటీన్‌లో ఏ మూలన అంటుకున్నా అక్కడి మడతలు సర్దుకుంటాయి, మూసుకున్నది తెరుచుకుంటుంది, లేదా కొత్త ప్రోటీన్ వచ్చి పట్టుకోవడానికి చోటు దొరుకుతుంది. ఫాస్ఫేటు అంటించే ఎంజైముల్ని కైనేజులంటారు. మనిషి జన్యువుల్లో వీటి లెక్క 500 పైమాటే. ఊడదీసేవి ఫాస్ఫటేజులు. కైనేజు ఫాస్ఫేటుని ఎక్కడి నుంచి తెస్తుంది? ఏటీపీ అనే అణువు నుంచి. ఇక్కడే మన మొదటి తెలుగాయన వస్తారు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి తిరిగినందుకు తెల్లదొర ప్రొఫెసర్‌కి కోపమొచ్చి, ఎంబీబీఎస్‌కి బదులు ఎల్ఎంఎస్ పట్టా దక్కిందన్న కథ మనకి బాగా తెలుసు. తర్వాత హార్వర్డ్‌లో ఆయన ఏం చేశారన్నది అంతగా తెలియదు, నిజానికి తెలియవలసింది అదే. అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర చేరి, రక్తంలోనూ కండరంలోనూ భాస్వరం ఎంతుందో కొలిచే సులువైన పద్ధతి తయారు చేశారు. పరీక్షనాళికలో నమూనా పోసి ఆమ్లం, మాలిబ్డేట్ కలపాలి. ఫాస్ఫేటు ఉంటే అది మాలిబ్డేట్‌తో జతకడుతుంది. దానికి ఇంకో రసాయనం చుక్కలుగా వేస్తే నీలం రంగు తిరుగుతుంది. ఎంత ముదురు నీలమైతే అంత ఫాస్ఫేటు. 1925లో అచ్చయిన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని తర్వాత కొన్ని తరాల బయోకెమిస్ట్రీ విద్యార్థులు ప్రయోగశాలలో చేస్తూనే వచ్చారు.

పద్ధతి బాగానే ఉంది గానీ కండరం రసంతో చేసినప్పుడు ఒక తేడా కనిపించింది. నీలం రావలసినంత వేగంగా రాలేదు. మొదట పల్చగా ఉండి, నిమిషాలు గడిచేకొద్దీ ముదిరింది. ఫాస్ఫేటు ఉంటే రంగు రావాలి, లేకపోతే రాకూడదు, మెల్లగా పెరగడమేమిటి? చాలామంది రసాయనం పాతబడిందని సీసా మార్చి ఊరుకునేవారు. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండరంలో ఫాస్ఫేటు దేనికో అంటుకుని ఉందనీ, నాళికలోని ఆమ్లానికి అది కొంచెం కొంచెంగా విడిపోతోందనీ తేల్చారు. ఆ జంట పేరు ఫాస్ఫోక్రియాటిన్. అది 1927. మరో రెండేళ్లకి, 1929లో, అదే పనిలో ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు.

ఏటీపీలో మూడు ఫాస్ఫేట్లు వరసగా ఉంటాయి. చివరిది ఊడినప్పుడు శక్తి విడుదలవుతుంది, దాంతో కండరం ముడుచుకుంటుంది. అప్పట్లో అందరి చూపూ ఆ శక్తి మీదే. ఊడిన ఫాస్ఫేటు కబురు కూడా మోస్తుందని 1929లో ఎవరికీ తోచలేదు. 1955లో సియాటెల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కుందేలు కండరంలో ఒక ఎంజైము ఫాస్ఫేటు అంటితే మేల్కొంటుందనీ, ఊడితే నిద్రపోతుందనీ చూపించారు. ఆ పనికి నోబెల్ రావడానికి 1992 దాకా పట్టింది.

సుబ్బారావు అది చూడలేదు. 1948 ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. అప్పటికి లెడర్లీ కంపెనీ పరిశోధనకి అధిపతిగా మరో దారిలో కేన్సర్‌తో తలపడ్డారు. ఫోలిక్ ఆమ్లానికి నకళ్లు చేసి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌కి పంపారు. వాటిలో అమినోప్టెరిన్ అనేదాన్ని లుకీమియా వచ్చిన 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో కొన్నాళ్లపాటు జబ్బు వెనక్కి తగ్గింది. కీమోథెరపీ చరిత్రలో అదొక మొదటి మెట్టు. కాకపోతే ఆ మందు విభజన చెందే కణాలన్నిటినీ ఆకలితో మాడుస్తుంది. కేన్సర్ కణమా, జుట్టు కుదురా, పేగు పొరా అన్న తేడా చూడదు. ఒక్క జబ్బు కణాన్నే ఎంచి పట్టాలంటే దానిలో మాత్రమే ఉన్న తప్పేదో తెలియాలి. అది ఇంకా తెలియలేదు.

ఆ తప్పు మొదట కనిపించింది క్రానిక్ మైలాయిడ్ లుకీమియాలో. ఆసుపత్రి భాషలో సీఎంఎల్. మెల్లగా మొదలయ్యే జబ్బిది. మనిషికి నీరసంగా ఉంటుంది, రాత్రుళ్లు చెమటలు పడతాయి, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. ఎడమ డొక్కలో ఏదో బరువు తెలుస్తుంది. పల్లెల్లో కడుపులో బల్ల పెరిగిందనేది దీన్నే, వాచిన ప్లీహాన్ని. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో 4,000 నుంచి 11,000 ఉండాల్సిన తెల్లకణాలు లక్ష, రెండు లక్షలు దాటిపోతాయి. పడమటి దేశాల్లో ఇది ఎక్కువగా అరవై దాటినవాళ్లకి వస్తుంది. మన దేశపు ఆసుపత్రుల్లో చూస్తే రోగులు నలభై దరిదాపుల్లో ఉంటారు, అంటే ఇంట్లో సంపాదించే మనిషి.

1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ అనే ఇద్దరు ఈ రోగుల కణాల్లో ఒక క్రోమోజోమ్ మరీ పొట్టిగా ఉందని గమనించారు. ఊరి పేరే దానికి పెట్టారు, ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అని. ముక్క ఎక్కడికి పోయింది? షికాగోలో జానెట్ రౌలీ క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి, ఇంట్లో భోజనాల బల్ల మీద పరిచి జతలు చూసుకునేవారు. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు వేళాకోళం చేసేవాళ్లట. 1973లో ఆమె తేల్చిన సంగతి: ముక్క పోలేదు, మారింది. 9వ క్రోమోజోమ్ కొసా 22వ క్రోమోజోమ్ కొసా విరిగి ఒకదాని చోట ఒకటి అతుక్కున్నాయి.

ఆ అతుకు దగ్గర పరస్పరం సంబంధం లేని రెండు జన్యువులు ఒకటైపోయాయి. ఒకటి బీసీఆర్, రెండోది ఏబీఎల్. ఏబీఎల్ ఒక కైనేజు. దాని పని తెలియడానికి కాలిఫోర్నియాలో టోనీ హంటర్ బద్ధకం కూడా కొంత సాయపడింది. ప్రోటీన్‌లో ఫాస్ఫేటు సెరిన్‌కో థ్రియోనిన్‌కో అంటుతుందని అప్పటిదాకా అందరూ అనుకునేవారు. 1979లో హంటర్ అమైనో ఆమ్లాల్ని విడదీసే ద్రావణాన్ని కొత్తగా కలపకుండా పాతదే వాడుకున్నాడు. వాడివాడి దాని ఆమ్లత్వం మారిపోయింది. ఆ మార్పు వల్లనే, మామూలుగా కలిసిపోయి కనిపించే చోట ఒక కొత్త మచ్చ విడిగా కనిపించింది. అది ఫాస్ఫేటు అంటిన టైరోసిన్. పెరుగుదల కబుర్లు చాలావరకు ఈ అరుదైన చోటు మీదే నడుస్తాయని తర్వాత తేలింది. ఏబీఎల్ కూడా టైరోసిన్‌కే ఫాస్ఫేటు అంటించే రకం.

మామూలు ఏబీఎల్ తనని తాను అదుపులో పెట్టుకుంటుంది. దాని మొదటి కొసకి ఒక కొవ్వు తోక ఉంటుంది. ఆ తోక మడిచి తన వీపులోని గుంటలో దోపుకుని ముడుచుకుని ఉంటుంది, కబురొస్తేనే విప్పుకుంటుంది. బీసీఆర్‌తో అతుక్కున్నప్పుడు ఆ కొస తెగిపోతుంది. పైగా బీసీఆర్ భాగం నాలుగేసి ప్రోటీన్లని ఒక్కచోట కట్టేస్తుంది. జాక్‌లు హార్మోన్ వచ్చినప్పుడే ఎదురుపడతాయని చెప్పుకున్నాం, ఈ ఏబీఎల్‌లు ఎప్పుడూ ఎదురెదురే. బయట హార్మోన్ లేదు, గాయం లేదు, కిడ్నీ ఏ కబురూ పంపలేదు. అయినా లోపల వేళ్లు నొక్కుతూనే ఉన్నాయి. స్టాట్‌కి, మరో పది ప్రోటీన్లకి ఫాస్ఫేటు అందుతూనే ఉంటుంది. మజ్జ తెల్లకణాల్ని కంటూనే ఉంటుంది. 1990లో జార్జ్ డేలీ, డేవిడ్ బాల్టిమోర్ బృందం ఈ ఒక్క జన్యువునే ఎలుకల మజ్జలో పెడితే వాటికి సీఎంఎల్ లాంటి జబ్బు వచ్చింది. ఇంత పెద్ద జబ్బుకి ఇంత చిన్న కారణం ఉంటుందన్న నమ్మకం అప్పుడు కుదిరింది.

ఇక మందు. కైనేజు ఫాస్ఫేటు అంటించాలంటే ముందు ఏటీపీ దానిలోని ఒక సందులో దూరాలి. ఏటీపీ బదులు వేరే అణువు ఆ సందులో ఇరుక్కుంటే పని ఆగిపోవాలి. ఆలోచన తేలికే. చిక్కేమిటంటే 500 పైచిలుకు కైనేజులన్నిటికీ ఆ సందు ఇంచుమించు ఒకలాగే ఉంటుంది. అన్నిట్లోనూ దూరే అణువు మందు కాదు, విషం. స్విట్జర్లాండులో బాసెల్ ఊళ్లో సీబా-గైగీ కంపెనీలో నికొలస్ లైడన్, అలెక్స్ మాటర్, యూర్గ్ జిమ్మర్‌మన్ వందల అణువులు చేసి పరీక్షించి ఒకటి పట్టారు. తర్వాత దాని పేరు ఇమాటినిబ్ అయింది. పనిచేసే భంగిమలో ఉన్న ఏబీఎల్‌ని అది పట్టుకోదు. పని లేకుండా ముడుచుకున్న క్షణంలో దూరి, మళ్లీ విప్పుకోకుండా చేస్తుంది. ముడుచుకున్నప్పుడు కైనేజుల ఆకారాలు ఒకదానితో ఒకటి అంతగా కలవవు కాబట్టి గురి కుదిరింది.

ఆరెగాన్‌లో బ్రయన్ డ్రకర్ అనే డాక్టరు సీఎంఎల్ రోగుల కణాల మీద దీన్ని ప్రయోగించి, 1996లో ఫలితాలు అచ్చువేశాడు. ఇంత అరుదైన జబ్బుకి మందు చేస్తే ఎంతమంది కొంటారన్నది కంపెనీ లెక్క. డ్రకర్ వదల్లేదు. 1998 జూన్‌లో మనుషుల మీద పరీక్ష మొదలైంది. రోజుకి 300 మిల్లీగ్రాములు, అంతకు పైన తీసుకున్న 54 మందిలో 53 మందికి తెల్లకణాల లెక్క మామూలు స్థాయికి వచ్చింది. అమెరికాలో 2001 మే నెలలో అనుమతి దొరికింది. అంతకుముందు ఈ జబ్బు వచ్చినవాళ్లు, ఎముకమజ్జ మార్పిడి కుదిరిన కొద్దిమందిని మినహాయిస్తే, మూడేళ్లో ఐదేళ్లో బతికేవారు. తర్వాత 1,106 మందితో చేసిన పెద్ద పరీక్షలో, మొదటి నుంచీ ఇమాటినిబ్ తీసుకున్నవాళ్లలో పదేళ్లకి 83 శాతం మంది బతికే ఉన్నారు.

అప్పటి పత్రికలు దీన్ని గురి తప్పని తూటా అని రాశాయి. ఆ పోలిక నాకు నప్పదు. ఇమాటినిబ్ ఒక్క ఏబీఎల్‌నే పట్టుకోదు, కిట్ అనే కైనేజుని, పీడీజీఎఫ్ గ్రాహకాన్ని కూడా పట్టుకుంటుంది. దాని ఫలితం మన దగ్గర కంటికే కనిపిస్తుంది. మందు మొదలెట్టిన కొన్ని నెలలకి కొందరి ఒంటి రంగు తేలుతుంది. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలకి కిట్ ద్వారా వచ్చే కబురు కావాలి. అది ఆగితే రంగు తగ్గుతుంది. చామనఛాయ మనుషుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. చుట్టాలు చూసి ఒళ్లు బాగుపడిందని మెచ్చుకుంటారు, కొత్తగా చూసినవాళ్లు బొల్లి అనుకుంటారు. రెండూ కావు. కిట్ చెయ్యి వదలక వచ్చే జీర్ణాశయపు కణితి ఒకటుంది, దానికి గిస్ట్ అని పేరు. అదే మాత్ర అక్కడా పనికొచ్చింది. ఒకరికి దుష్ఫలితమైనది ఇంకొకరికి వైద్యమైంది.

జబ్బు కూడా ఊరుకోదు. 2001లోనే, కొందరి కేన్సర్ కణాల్లో ఏబీఎల్ 315వ చోట ఒక అమైనో ఆమ్లం మార్చుకుని మందు దూరే సందుని ఇరుకు చేసుకుందని చార్లెస్ సాయర్స్ బృందం చూపించింది. ఆ తర్వాత దాసాటినిబ్, నిలోటినిబ్ అనే మందులు వచ్చినా ఈ మార్పు ముందు అవి కూడా నిలవలేదు. 2012లో వచ్చిన పొనాటినిబ్ నిలిచింది గానీ రక్తనాళాలకి చేటు చేస్తుంది. నాకు అన్నిట్లోకీ ముచ్చటైనది 2021లో అమెరికాలో అనుమతి పొందిన అసిమినిబ్. ఏటీపీ సందు జోలికే పోదది. కొవ్వు తోక తెగిపోయాక ఏబీఎల్ వీపులో ఖాళీగా మిగిలిన గుంట గుర్తుందా? అందులో దూరి కూర్చుంటుంది. పోయిన అదుపుని తిరిగి పెట్టడమే దాని వైద్యం.

సీఎంఎల్ విజయం చూసి మిగతా కేన్సర్లన్నీ ఇలాగే లొంగుతాయని చాలామంది ఆశపడ్డారు. అది అత్యాశ అయింది. సీఎంఎల్ మొదట్లో ఒకే తప్పు మీద నిలబడే జబ్బు. ఎక్కువ కేన్సర్లు అలా కావు. బీరాఫ్ అనే కైనేజులో 600వ చోట మార్పు మెలనోమా అనే చర్మ కేన్సర్‌లోనూ, పెద్దపేగు కేన్సర్‌లోనూ కనిపిస్తుంది. దాన్ని ఆపే మందు ఇస్తే మెలనోమా కణితులు కరిగాయి, పేగు కణితులు చలించలేదు. మార్పు అదే, మందు అదే. 2012లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అనిరుధ్ ప్రహ్లాద్, రెనె బెర్నార్డ్స్ కారణం చెప్పారు. బీరాఫ్‌ని ఆపగానే పేగు కణాల పైపొరలోని ఈజీఎఫ్ గ్రాహకం విజృంభించి, పక్కదారిన అదే కబురు లోపలికి పంపుతోంది. మెలనోమా కణాల్లో ఆ గ్రాహకం పెద్దగా ఉండదు. రెండు దారులూ ఒకేసారి మూస్తేనే పేగు కేన్సర్ మీద ప్రభావం కనిపించింది. మందు ఎంచేముందు కణం లోపలి దారుల పటం కూడా చూడాలని అలా తెలిసింది.

మందు ఉండడం వేరు, మనిషికి అందడం వేరు. మన దేశంలో నోవార్టిస్ కంపెనీ గ్లివెక్ పేరుతో అమ్మిన ఇమాటినిబ్ ధర అప్పట్లో నెలకి సుమారు 1,20,000 రూపాయలు ఉండేది. సీబా-గైగీ, సాండోజ్ కలిసి 1996లో అయిన కంపెనీయే నోవార్టిస్. మన రెండో తెలుగాయన ఇక్కడ వస్తారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన నన్నపనేని వెంకయ్య చౌదరి 1981లో హైదరాబాదులో నాట్కో మొదలెట్టారు. 2003లో ఆ కంపెనీ ఇమాటినిబ్‌ని వీనాట్ పేరుతో తెచ్చింది. భారతీయ కంపెనీల మందు నెలకి 8,000 నుంచి 10,000 రూపాయల్లో దొరకసాగింది. వెంటనే తగాదా మొదలైంది. అదే ఏడాది నవంబరులో నోవార్టిస్‌కి ఇక్కడ అమ్ముకునే ప్రత్యేక హక్కు దక్కింది, మద్రాసు హైకోర్టు ఉత్తర్వుతో చవక మందుకి కొంతకాలం అడ్డు పడింది. నోవార్టిస్ వేలమంది రోగులకి ఉచితంగా గ్లివెక్ ఇచ్చిన మాట కూడా నిజమే. కానీ ఒక కంపెనీ దయ మీద ఆధారపడిన బతుకుకి, బజార్లో కొనుక్కోగలిగిన మందుతో నడిచే బతుకుకి తేడా ఉంది.

పేటెంటు దరఖాస్తు చెన్నై కార్యాలయంలో 1998 నుంచీ ఉంది. అసలు అణువుకి కాదు, దాని లవణానికి ఉన్న ఒక స్ఫటిక రూపానికి. 2005లో మన పేటెంటు చట్టంలోని 3(డి) అనే సెక్షనుని సవరించి గట్టి చేశారు. తెలిసిన పదార్థానికే కొత్త రూపం ఇస్తే, దాని వైద్యగుణం పెరిగితే తప్ప పేటెంటు ఇవ్వకూడదన్నది దాని సారం. నాట్కోతో పాటు కేన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ కూడా అభ్యంతరం చెప్పింది. 2006 జనవరిలో దరఖాస్తు కొట్టేశారు. ఆ సెక్షనే చెల్లదని వేసిన కేసుని 2007లో మద్రాసు హైకోర్టు తోసిపుచ్చింది. చివరికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ తుది తీర్పు చెప్పారు. ఆ స్ఫటికం ఒంట్లో కొంచెం బాగా ఇంకితే ఇంకవచ్చు, వైద్యగుణం పెరిగినట్టు మాత్రం చూపించలేదు. పేటెంటు లేదు.

అంతకు ఏడాది ముందే, 2012 మార్చిలో, నాట్కోకి ఇంకో గెలుపు దక్కింది. కిడ్నీ, కాలేయ కేన్సర్లలో కైనేజుల్ని ఆపే సొరాఫెనిబ్ నెలకి 2,80,000 రూపాయలకి అమ్ముడయ్యేది. దాన్ని 8,880కి అమ్మేలా దేశంలో మొట్టమొదటి తప్పనిసరి లైసెన్సు నాట్కోకి ఇచ్చారు. ఒరిజినల్ కంపెనీ బేయర్‌కి రాయల్టీ కట్టాలన్న షరతుతో.

కుందారపల్లి నుంచి హోసూరు మీదుగా బెంగళూరు బస్సెక్కితే ఈ కథలో కొంత కిటికీలోంచే కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర, హోసూరు రోడ్డు 20వ కిలోమీటరులో, బయోకాన్ ఉంటుంది. రొమ్ము కేన్సర్‌లో హెర్-2 గ్రాహకం మరీ ఎక్కువైనప్పుడు దాన్ని బయటి నుంచే పట్టుకునే యాంటీబాడీ ట్రాస్టుజుమాబ్. దాని భారతీయ రూపాన్ని ఆ కంపెనీ 2014లో బజారులోకి తెచ్చింది. అదే రోడ్డు మీద ఇంకా ముందుకి పోతే 1973లో మొదలైన కిద్వాయి కేన్సర్ ఆసుపత్రి. కర్ణాటక వాళ్లే కాక ఈ వైపు తమిళనాడు వాళ్లూ, రాయలసీమ వాళ్లూ అక్కడికే పోతారు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి పోయేవాళ్లు ఎదురుదిక్కు బస్సెక్కుతారు. మాత్ర చేతికి వచ్చాక మిగిలేది రోజూ మింగడం. అన్నం తిన్నాక, పెద్ద గ్లాసుడు నీళ్లతో. వికారం, కళ్ల కింద వాపు, పిక్కలు పట్టేయడం, వీటితో సర్దుకుంటూ.

ఒక పూట మానితే ఏమవుతుందిలే అనిపించడం సహజం, ఎందుకంటే ఏమీ కాదు, అప్పటికప్పుడు. లండన్ హ్యామర్‌స్మిత్ ఆసుపత్రిలో 87 మంది రోగుల మాత్రల సీసా మూతల్లో, ఎప్పుడు తెరిచారో నమోదు చేసే చిప్‌లు పెట్టారు. నూటికి తొంభైకి పైన మాత్రలు వేసుకున్నవాళ్లలో దాదాపు అందరికీ జబ్బు జన్యువు లోతుగా అణిగింది. తొంభై, అంతకన్నా తక్కువ వేసుకున్నవాళ్లలో అలా అణిగింది 28 శాతం మందికే. 80 శాతం కంటే కిందికి పడినవాళ్లలో ఒక్కరికీ లేదు. నెలకి మూడు మాత్రలు మర్చిపోతే తొంభై శాతం. పంట కోతల్లో, పెళ్లిళ్ల సీజన్లో, ఊరి తిరునాళ్లలో మూడు మర్చిపోవడం ఎంతసేపు? వదలని చేతిని ఈ మాత్ర తెంచదు, పట్టుకుని ఉంచుతుందంతే. మాత్ర ఒంట్లోంచి పోయిన గంటల్లో ఏటీపీ మళ్లీ ఆ సందులో దూరుతుంది.

అందుకే రక్తంలో తెల్లకణాలు మామూలుగా ఉన్నా డాక్టర్లు తృప్తిపడరు. రక్తంలో జబ్బు జన్యువు ఎంత మిగిలిందో చూసే బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష మూడు నెలలకోసారి చేయిస్తారు. మూడో నెలకి 10 శాతం లోపు, ఆరో నెలకి 1 లోపు, ఏడాదికి 0.1 లోపు రావాలని లెక్క. తగ్గకపోతే మొదట అడిగేది మాత్రలు సరిగా వేసుకుంటున్నారా అని, ఆ తర్వాతే 315వ చోటు గురించి.

ఎన్నేళ్లు మింగాలన్నది ప్రతి రోగీ అడిగే ప్రశ్న. చాలాకాలం జవాబు ఒకటే, జీవితాంతం. మజ్జ లోతుల్లో విభజన చెందకుండా నిద్రపోయే మూలకణాలు కొన్ని ఉంటాయి. బీసీఆర్-ఏబీఎల్ ఉన్నా వాటి బతుకు దాని మీద ఆధారపడి లేదు, కాబట్టి ఇమాటినిబ్ వాటిని చంపలేదు. 2007లో ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా-జేవియర్ మాహోన్ బృందం ధైర్యం చేసింది. రెండేళ్లకి పైగా పరీక్షలో జబ్బు జన్యువు కనిపించని 100 మందికి మందు ఆపింది. ఇంచుమించు అరవై మందికి తిరిగొచ్చింది, చాలావరకు మొదటి ఆర్నెల్లలోనే. మళ్లీ ఇస్తే మళ్లీ అణిగింది. మిగతా వాళ్లకి రాలేదు. వాళ్లలో కొందరి రక్తంలో ఆ జన్యువు ఆనవాళ్లు అప్పుడప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి, జబ్బుగా మాత్రం పెరగవు. అలాంటివాళ్లలో ఎన్‌కే అనే కాపలా కణాలు ఎక్కువగా ఉన్నట్టు కొన్ని పరిశీలనల్లో తేలింది. మందు ఆపడానికి తగినవాళ్లు అనుకున్న రోగుల్ని ఇప్పుడు డాక్టర్లు మొదటి ఆర్నెల్లూ నెలనెలా ఆ పరీక్షకి రమ్మంటున్నారు.